మూడు మినహా

మండల భాగహార కార్యాలయం వాళ్లు వెలిదండ్లపాలెం ఆరిళ్ల వీధిని భాగించిన రోజునే ఆ వీధిలో మూడో నంబరు ఇల్లు నిర్వచనంలో లేకుండా పోయింది. ఇల్లు కూలలేదు. ఎవరూ ఆక్రమించలేదు. గోడలు, పెంకులు, వాకిట్లో కొళాయి, తలుపుకి వేసిన తాళం, అన్నీ ఎక్కడివక్కడే కనపడుతున్నాయి. కాకపోతే రెండో ఇంటి వైపు నుంచి వచ్చి ఆ మెట్టెక్కబోయినవాడి కాలు నాలుగో ఇంటి మెట్టు మీద పడుతుంది. నాలుగో ఇంటి వైపు నుంచి వస్తే రెండో ఇంటి మెట్టు మీద పడుతుంది. వీధి వాళ్లకి ఇందులో వింతేమీ కనపడలేదు. భాగహారం జరిగిన చోట ఒకటో రెండో ఇట్లా పోవడం మామూలే. పక్క ఊళ్లో ఒక బడి పోయింది. పిల్లలు ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటి ఇంటికి పోతున్నారు.

ఆ మూడో ఇల్లు మాలకొండయ్యది. భాగహారం జరిగినప్పుడు అతను ఇంట్లో లేడు. అంతకుముందే భార్య సింగరమ్మ ఆ ఇంటి లోపలి గదిలో, చెడ్డ నక్షత్రం ఉన్న పూట ప్రాణం విడిచింది. అలాంటి పూట మనిషి పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని, పొయ్యి వెలగకూడదని, మనిషి మసలకూడదని ఊరి కట్టు. మాలకొండయ్యకి నక్షత్రాల మీద నమ్మకం లేదు. కానీ వీధి మొత్తం వచ్చి వాకిట్లో నిలబడింది. "నీకేమన్నా అయితే నీ ఖర్మ. మా ఇళ్లల్లో పిల్లలుండారు" అన్నారు. భార్య పోయిన మగవాడితో ఊరు ఆ మాత్రమే మాట్లాడుతుంది. అతను తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని, ఊరి బయట వాడకం లేని, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో చాప పరుచుకున్నాడు.

కార్యాలయం వాళ్లు వచ్చింది ఆ ఆరు నెలల్లోనే. వీధికి వచ్చే నీళ్లని వీధిలో ఉండే మనుషులతో భాగించడం వాళ్ల పని. ఇంటింటికీ విడిగా లెక్క కట్టే పాత పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు వీధికి ఒకే సూత్రం. ఇంటి నంబరు అందులో వేస్తే, ఆ ఇంట్లో తలకి ఎన్ని బిందెలో బయటికి రావాలి. అందుకని ఇల్లిల్లూ తిరిగి నీళ్లకొక బహుపది, మనుషులకొక బహుపది తయారుచేసి, మొదటిదాన్ని పైన, రెండోదాన్ని కింద పెట్టి భాగించారు.

ఈ వీధి కార్యాలయం వాళ్లకి చాలా నచ్చింది. మొదటింట్లో నలుగురు, రెండో ఇంట్లో ఒక్కతే, మూడో ఇంటికి తాళం, నాలుగో ఇంట్లో ఒక్కడే, అయిదో ఇంట్లో నలుగురు, ఆరో ఇంట్లో తొమ్మిది మంది. ఇంటి నంబరులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణిస్తే ఆ ఇంట్లో మనుషుల లెక్క పొల్లుపోకుండా వస్తుంది. నీళ్లూ అంతే. వీధి పల్లానికి పోతుంది కాబట్టి కిందికి పోయేకొద్దీ ధార ఎక్కువ. మనుషుల లెక్కని, ఇంటి నంబరుకి నాలుగు కలిపినదానితో గుణిస్తే ఆ ఇంటి బిందెలు వస్తాయి. మూడో ఇంటి దగ్గర కొళాయి కట్టేసి ఉంది కాబట్టి నీళ్లు సున్నా. మనుషులూ సున్నా. మనుషుల లెక్క పైనా ఉంది, కిందా ఉంది. రెంటినీ కొట్టేశారు. భాగఫలం, ఇంటి నంబరుకి నాలుగు కలపడం. శేషం లేదు. మండలం మొత్తంలో శేషం లేకుండా తెగిన మొదటి వీధి అదేనని కార్యాలయంలో అందరికీ టీలు తెప్పించారు.

ఆఖరున ప్రదేశం రాశారు. సూత్రం ఏయే ఇళ్లకి చెల్లుతుందో వాటన్నిటినీ కలిపి ప్రదేశం అంటారు. 'మూడు మినహా అన్నీ' అని రాసి ముద్ర వేశారు. ముద్ర పడ్డ నిమిషాన మూడో ఇంటి మెట్టు మనిషి కాలికి అందకుండా పోయింది.

ఆరు నెలలు నిండాక మాలకొండయ్య చాప చంకన పెట్టుకుని వచ్చాడు. మొలతాడు నుంచి చెవి విప్పాడు. మెట్టెక్కి తాళంలో పెట్టబోతే అది నాలుగో ఇంటి తలుపు. రిటైరైన బస్సు కండక్టరు బ్రహ్మయ్య ఆ ఇంట్లో ఒక్కడే ఉంటాడు. గడియ తీసి చూశాడు.

"నువ్వా. నువ్వు దిగాల్సింది వెనక స్టాపు" అన్నాడు.

"నా ఇల్లు యాడికి పోయింది?"

"యాడికీ పోలా. కనపడతానే ఉందిగా. బస్సు ఆగదు, అంతే."

మాలకొండయ్య వెనక్కి తిరిగి ఇటు నుంచి ప్రయత్నించాడు. ఈసారి రెండో ఇంటి అరుగు మీద తేలాడు. తిరపతమ్మ చేటలో కందులు చెరుగుతోంది. ఆమె అతనికన్నా పెద్దది, చాలాకాలంగా ఒంటరిది. చేట పక్కకి జరిపి చోటిచ్చింది.

"ఎన్నిసార్లు ఎక్కినా అంతే కొండయ్యా. నా పిల్లి కూడా నెల రోజులు ఎగిరింది. ఇప్పుడు మానుకుంది."

"నేను పిల్లినా అక్కా?"

"పిల్లికి తొందరగా తెలిసింది."

అతను అరుగు అంచున నిలబడి చెయ్యి చాపి తన కొళాయి తిప్పాలని చూశాడు. ఆ చెయ్యి కొళాయిని తాకిందో లేదో చెప్పడానికి వీల్లేకపోయింది. నీళ్లు రాలేదు. నీళ్లు రాలేదని అనడానికీ లేదు.

మాఘంలో సింగరమ్మ సంవత్సరీకం. మనిషి పోయిన గదిలోనే, ఆ ఇంటి నీళ్లతోనే పెట్టాలి. అరువు తెచ్చిన నీళ్లు పనికిరావని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పోయే ముందు సింగరమ్మ నీళ్లు అడిగింది. ఆ రోజు వీధికి కొళాయి వంతు కాదు. తిరపతమ్మ గ్లాసుడు పట్టుకుని వచ్చేలోపల అయిపోయింది. మాలకొండయ్య ఈ సంగతి ఎవరితోనూ అనడు. బ్యారన్‌లో పడుకున్నన్నాళ్లూ అతనికి వేరే ఆలోచన లేదు. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో కూర్చుని, ఆ కొళాయి నీళ్లు ఆమె పేరు చెప్పి వదలాలి. అంతకుమించి అతను ఎవరినీ ఏమీ అడగదలుచుకోలేదు.

కార్యాలయంలో వీధుల సెక్షను చూసే హైమావతి గారు మర్యాదస్తురాలు. కుర్చీ చూపించింది. వెలిదండ్లపాలెం అనగానే ముఖం విప్పారింది. ఆ సూత్రం తీసి కళ్లకద్దుకున్నంత పని చేసింది.

"ఇంత చక్కగా తెగిన వీధి మాకు ఇంకొకటి లేదండి. ట్రైనింగుకి వచ్చేవాళ్లకి ఇదే చూపిస్తున్నాం."

"మా ఇల్లు అందులో లేదమ్మా."

"లేదండి. మీరు లేకపోబట్టే ఇంత చక్కగా వచ్చింది. మీ ఆవిడా మీరూ ఉన్నప్పటి లెక్క కూడా వేసి చూశాను. అరపేజీ పట్టింది. చూడ్డానికే బాగాలేదు."

మాలకొండయ్య ఊరి బడిలో ఎనిమిది దాకా చదివాడు. భాగహారం వచ్చు. సూత్రం తనవైపు తిప్పుకుని చూశాడు.

"నంబరుకి నాలుగు కలపాలి. రెండో ఇంటికి ఆరు. నాలుగో ఇంటికి ఎనిమిది. మూడుకి నాలుగు కలిపితే ఏడు. ఇందులో అడ్డమేముంది?"

"ఏడు వస్తుందండి. మీకు మాత్రం రాదు."

"ఎందుకు రాదు?"

"కొట్టేయకముందు మీ ఇంటి దగ్గర కింద సున్నా ఉంది. సున్నాతో భాగించకూడదు. ప్రదేశం ఎప్పుడూ కొట్టేయకముందే చూసి రాయాలి. కొట్టేశాక చూసి రాసినవాళ్లు ఇద్దరున్నారు. సస్పెండయ్యారు."

"కొట్టేశాక ఆ సున్నా లేదు గదమ్మా."

"లేదండి. కానీ ఉండేది గదా."

అతను సూత్రాన్ని తిప్పి ఆమె ముందు పెట్టాడు. బయట జీపు తుడుస్తున్న చప్పుడు వినపడుతోంది.

"పోనీ నాకు సున్నా రాయండి. సున్నా బిందెలు. నన్ను ఇంట్లోకి పోనిస్తే చాలు."

హైమావతి నొచ్చుకుంది. "సున్నా కూడా ఒక విలువేనండి. ప్రదేశంలో ఉన్నవాళ్లకే ఇవ్వగలం. వాళ్లకి సున్నా వస్తే సున్నా ఇస్తాం. మీకు అదీ ఇవ్వలేం."

"అయితే ఇంతేనా?"

"అంత పెద్ద లోపం కాదండి ఇది. తొలగించదగిన లోపం అంటారు. మూడు దగ్గర ఒక్క ఏడు వేస్తే పూడిపోతుంది."

"వేయండి మరి."

"తొలగించదగినదని చెప్పానండి. తొలగిస్తామని చెప్పలేదు. దానికి వీధిని మళ్లీ లెక్కపెట్టాలి. లెక్కపెట్టమని వీధి అడగాలి. మీరు అడిగితే కుదరదు, మీరు వీధిలో లేరు."

మాలకొండయ్య వీధిని అడిగాడు. ఆరో ఇంటి ఎల్లమంద వాకిట్లో అందరూ కూడారు. ఎల్లమంద ఇంట్లో లెక్క నాటికి తొమ్మిది మంది. తరవాత తల్లి పోయింది, మంచి నక్షత్రంలోనే పోయింది. తమ్ముడు భార్యనీ పిల్లనీ తీసుకుని ఒంగోలు వెళ్లాడు. నీళ్లు మాత్రం తొమ్మిది మందికే పడుతున్నాయి. వాటితో రెండు గేదెలు, నాలుగు వరసల వంగతోట బతుకుతున్నాయి. మొదటింట్లో ఒకడు తగ్గాడు. అయిదో ఇంట్లో ఇద్దరు తగ్గి, ఎవరో తెలియని ఒకాయన పెరిగాడు.

"నీ బాధ మాకు తెలవదా మావా" అన్నాడు ఎల్లమంద. "మళ్లీ లెక్క పెట్టేవాళ్లు నీ ఒక్కింటి దగ్గరే ఆగరు గదా."

"మీరిప్పుడు అయిదుగురే గదా."

"అయిదుగురమే. తొమ్మిది మంది నీళ్లకి అలవాటు పడ్డాం."

ఎవరూ నవ్వలేదు. అది హాస్యం కాదు.

"ఇల్లు పాడుపెట్టమన్నది మీరే. వాకిట్లోకి వచ్చి మరీ చెప్పారు" అన్నాడు మాలకొండయ్య.

"మంచికే చెప్పాం" అంది మొదటింటి ఇల్లాలు. "మా పిల్లలకి ఒక్క జ్వరం కూడా రాలా, చూడు. నీ పుణ్యమే."

తిరపతమ్మ ఒక్కతే మళ్లీ లెక్క పెట్టించడానికి ఒప్పుకుంది. ఆమె అప్పుడూ ఒక్కతే, ఇప్పుడూ ఒక్కతే. బ్రహ్మయ్య కూడా అప్పుడూ ఒక్కడే, ఇప్పుడూ ఒక్కడే. అయినా అతను ఒప్పుకోలేదు. మధ్యలో ఎక్కించుకుంటే సీట్ల గొడవ వస్తుందన్నాడు.

చలికాలం మొదట్లో డివిజను భాగాధికారి ఊళ్లోకి వచ్చాడు. పని చురుగ్గా చేస్తాడని పేరున్నవాడు. మాలకొండయ్య తరఫున తిరపతమ్మ మాట్లాడింది, ఎందుకంటే ఆమెకి విలువ ఉంది. అధికారి మొత్తం విన్నాడు. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. మూడో ఇంటి దగ్గర అడుగు అదాటున పెద్దదవడం గమనించి తల పంకించాడు.

"మూడు లేదు, ఒప్పుకుంటాను. మూడు దగ్గర విలువ లేకపోతే, మూడుకి దగ్గర్లో ఉందిగా" అన్నాడు. "సూత్రం ఇళ్ల దగ్గరే చెల్లాలని ఎక్కడా రాయలేదు. ఇంటికీ ఇంటికీ మధ్యనా చెల్లుతుంది. రెండో ఇంటికీ మూడో ఇంటికీ మధ్య ఈయన ఎక్కడైనా ఉండొచ్చు. మూడుకి ఎంత దగ్గరికైనా జరగొచ్చు. మూడు మాత్రం కాకూడదు."

అది ఉత్తరువయింది. హైమావతి టేపు తెచ్చి రెండో గుమ్మం నుంచి మూడో గుమ్మం దాకా కొలిచి, పది పాళ్లు చేసి, తొమ్మిదో పాలు దగ్గర సుద్దతో గీత గీసింది. రెండు పాయింటు తొమ్మిది. అక్కడ రెండిళ్ల మధ్య మంచం పట్టేంత సందు ఉంది. పైన రేకు వేశారు. కొళాయి పెట్టారు. తలకి ఆరు పాయింటు తొమ్మిది బిందెలని నీలం రంగు బోర్డు తగిలించారు. అధికారి బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగాడు.

నీళ్లొచ్చే రోజు మాలకొండయ్య ఏడు బిందెలు వరసగా పెట్టాడు. కొళాయిలోంచి ఒక చెంబుడు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. అతను మండలానికి వెళ్లాడు.

హైమావతి లెక్క చూసింది. "సరిగానే ఇచ్చారండి. తలకి ఆరు పాయింటు తొమ్మిదే. కానీ రెండు పాయింటు తొమ్మిదిలోంచి మూడు తీసేసి, దాన్ని దానితోనే గుణిస్తే మనుషుల లెక్క వస్తుంది గదండి. అక్కడ మీరు మనిషిలో నూరో వంతు. నూరో వంతుకి ఎంత రావాలో అంతా వచ్చింది."

"నేను పూర్తిగానే ఉన్నానమ్మా. కనపడటం లేదా?"

"మీరు మా ఆఫీసులో ఉన్నారు గదండి ఇప్పుడు. అక్కడ ఉన్నప్పటి మాట చెప్తున్నాను."

ఆమె చెప్పింది నిజమే. సందులో ఉన్నంతసేపూ అతను నూరో వంతే. పిలిస్తే తిరపతమ్మకి తప్ప ఎవరికీ వినపడేది కాదు. మంచం నవారు వంగేది కాదు. చౌకబియ్యం వరస సందు దాకా సాగినప్పుడు అతని చోటులో ఇంకొకరు నిలబడి, వెనక ఎవరో ఉన్నట్టు అనిపించి, తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగేవాళ్లు. దాహం ఒక్కటే పూర్తి మనిషిది. దానికి సూత్రం వర్తించలేదు.

బ్యారన్‌కి వెళ్లిపోతే మళ్లీ పూర్తి మనిషి కావచ్చు. తిరపతమ్మ ఆ మాటే అంది.

"పోరాదా కొండయ్యా. అక్కడన్నా మనిషిలాగా ఉంటావు."

"అక్కడ్నుంచి కనపడదు అక్కా."

"ఏంది కనపడేది?"

ఆ సందులోంచి చూస్తే లోపలి గది కిటికీ సగం కనపడుతుంది. ఆ సగంలో గోడ, గోడకి కొట్టిన మేకు, మేకుకి సింగరమ్మ జల్లెడ కనపడతాయి. మంచం కనపడదు.

మాఘం వచ్చింది. మాలకొండయ్య మళ్లీ కార్యాలయానికి వెళ్లి గీతని దగ్గరికి జరపమన్నాడు. రెండు పాయింటు తొంభైతొమ్మిది.

"అక్కడ తలకి ఆరు పాయింటు తొంభైతొమ్మిది వస్తుందండి. ఏడుకి దాదాపు సమానం" అంది హైమావతి. తరవాత గొంతు తగ్గించి, "మీరు మాత్రం పదివేలలో ఒక వంతు అవుతారు. ఆలోచించుకోండి" అంది.

"అక్కడ్నుంచి ఆ గదిలో మంచం కనపడుద్దా?"

"కిటికీకి ఆనుకునే ఉంటారు. కనపడుతుందండి."

"నీళ్లు?"

ఆమె వేళ్ల మీద లెక్కవేసింది. "ఉద్ధరిణితో ఒకటి రెండు సార్లు."

"తర్పణానికి చాలు. గీయండి."

సంవత్సరీకం రోజు పొద్దున్నే అవధానులు గారు సైకిలు మీద వచ్చారు. కర్త ఎక్కడని అడిగారు. తిరపతమ్మ కిటికీ పక్కన పీట చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, పీట మీద ఉన్నదాన్ని కాసేపు చూసి, సరే అని ఎదురుగా కూర్చున్నారు. దర్భలు, నువ్వులు, విస్తరి తిరపతమ్మే అమర్చింది. వాటిని అందుకోవడానికి మాలకొండయ్యకి చాలాసేపు పట్టింది.

మొదటింటి ఇల్లాలు బిందె చంకన పెట్టుకుని సందు ముందర ఆగింది. కొత్త బోర్డు చదివింది. "మాకు తలకి అయిదే. ఈయనకి దాదాపు ఏడు" అంది ఎల్లమందతో. "ఒక్క మనిషికి ఎందుకంట అన్నేసి?" ఎల్లమంద తెలవదన్నాడు. పెద్దవాళ్లు ఎవరితోనైనా మాట్లాడి ఉంటాడన్నాడు. ఆమె రేపు మండలానికి పోయి అడుగుతానంది. మాలకొండయ్య ఏదో జవాబిచ్చాడు. అంత కొంచెం మనిషి మాట అంత దూరం పోలేదు.

కొళాయి విప్పారు. ఉద్ధరిణి నిండింది, రెండోసారి సగం దాకా వచ్చింది, ఆగింది. కిటికీ అవతల జానెడు దూరంలో మంచం ఉంది. మంచం మీద దుమ్ము పట్టిన దిండు, దిండులో తల ఆనిన గుంట ఉన్నాయి. అతను కిటికీ ఊచల్లోకి చెయ్యి పెట్టాడు. అవతల నాలుగో ఇంట్లో బ్రహ్మయ్య ఎవరో తట్టినట్టుందని తలుపు తీసి, ఎవరూ లేరని వేసుకున్నాడు. మాలకొండయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అవధానులు గారు సంకల్పం ఎత్తుకున్నారు. సంవత్సరం, అయనం, మాసం, తిథి చెప్పి, కార్యం జరిగే చోటు దగ్గర ఆగారు.

"ఇక్కడ స్వగృహే అనాలి. అననా?"

తిరపతమ్మ పీట దగ్గరగా చెవి పెట్టింది.

"అబద్ధం ఆడొద్దంటున్నాడు. ఆమెకి తెలుసంట" అంది.

"అయితే సమీపే అందాం. స్వగృహ సమీపే. దోషం లేదు."

"సరేనంటున్నాడు."

ఆయన చదివారు. ఆ మాట దగ్గర తడుముకోలేదు, వెతుక్కోలేదు. నోటికి బాగా అలవాటైన మాటలాగా వచ్చింది. తిరపతమ్మ ఆ సంగతి గమనించి ఆయన వైపు చూసింది.

"ఈ మధ్య చాలా చోట్ల ఇట్లాగే చదువుతున్నానమ్మా" అన్నారు అవధానులు గారు. తరవాత ఉద్ధరిణి ఎత్తి, చెయ్యి పట్టమన్నారు.